బుల్లెట్ రైలు వచ్చిన ఊళ్లో లాడ్జీలు నిండుతాయా, ఖాళీ అవుతాయా?

గోదారిగట్టు:
మా బావకి కొత్త పిచ్చి పట్టింది. హైస్పీడ్ రైలు పడే దారిలో ముందే స్థలం కొని లాడ్జి కట్టాలట, రైలొస్తే టూరిస్టులు ఎగబడతారట. నా అనుమానం వేరే. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరిపోయే వీలుంటే అక్కడ గది ఎవరు తీసుకుంటారు? మన దగ్గర ముంబై–అహ్మదాబాద్ లైన్ ఇంకా కడుతూనే ఉన్నారు, దాన్ని చూసి చెప్పలేం. బయటి దేశాల్లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

ఒసాకా_తెలుగోడు:
జపాన్‌లో కనజావా అనే ఊరి సంగతి చెప్తా. 2015 మార్చిలో టోక్యో నుంచి అక్కడికి బుల్లెట్ రైలు, అదే షింకన్‌సెన్ నేరుగా వచ్చింది. అంతకుముందు మధ్యలో రైలు మారుతూ నాలుగు గంటలు, ఇప్పుడు రెండున్నర. కెన్‌రోకుఎన్ తోట, పాత టీ హౌసుల వీధి ఎప్పటినుంచో ఉన్నవే, కానీ టోక్యో జనానికి అది శని ఆదివారాలకి వెళ్లొచ్చే ఊరైపోయింది, దాంతో స్టేషన్ చుట్టూ హోటళ్లే హోటళ్లు. ఒమిచో మార్కెట్‌లో ఊరివాళ్లు చేపలు కొనుక్కునేవాళ్లు, ఇప్పుడు టూరిస్టుల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లాలి.

అయితే 2024 మార్చిలో ఆ లైను ఒసాకా వైపు త్సురుగా దాకా పొడిగించాక మా ఒసాకా వాళ్లకి తలనొప్పి మొదలైంది. థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే కనజావాలోనే దిగేవాళ్లం, అది ఇప్పుడు త్సురుగాలో ఆగిపోతుంది, సామాన్లతో రైలు మారాలి, కలిసొచ్చేది ఇరవై నిమిషాలు, టికెట్ మాత్రం ఎక్కువ. టూరిస్టులు ఎటువైపు నుంచి వస్తారో కూడా చూడమనండి.

మాడ్రిడ్‌_వాసి:
మీ అనుమానం నిజమే అండీ, కానీ అది దూరాన్ని బట్టి ఉంటుంది. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కి 470 కిలోమీటర్లు, 1992లో అక్కడి అంతర్జాతీయ ప్రదర్శన ఎక్స్‌పో కోసం ఆ లైన్ వేశారు, రెండున్నర గంటల ప్రయాణం. అంత దూరం వెళ్లినవాళ్లు ఒకట్రెండు రాత్రులు ఉంటారు. టొలెడో అలా కాదు, 2005 నుంచి అరగంటలో దిగుతున్నారు, కోట, చర్చి చూసి భోంచేసి సాయంత్రానికి వెనక్కి. మధ్యలో ఉన్న కార్దోబా కూడా చాలామందికి ఒక పూట ఊరే.

ఇక మీ బావకి తప్పకుండా చూపించాల్సింది వాల్దెలూజ్. గ్వాదలహారా ఊరికి దూరంగా పొలాల్లో హైస్పీడ్ స్టేషన్ కట్టారు, 2003లో తెరిచారు. ఆ పక్కనే 30 వేల మందికి ఈ వాల్దెలూజ్ అనే కొత్త టౌన్ ప్లాన్ చేశారు. 2008లో రియల్ ఎస్టేట్ కుప్పకూలి అది సగంలోనే ఆగింది, ఆ స్టేషన్‌లో ఆగే రైళ్లూ అంతంతమాత్రమే.

అరకు_కాఫీ:
స్పీడు ఒక్కటే టూరిజం కాదు బ్రో. విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్లేది త్వరగా చేరడానికా? సొరంగాలు, లోయలు చూడ్డానికే జనం అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ కోచ్‌కి అంత డబ్బు పెడుతున్నారు. రోడ్డు మీద ఇంకా తొందరగా వెళ్లొచ్చు.

గోదారిగట్టు:
వాల్దెలూజ్ గురించి చెప్తే "అది స్పెయిన్, ఇది మన ఊరు" అంటున్నాడు. మాడ్రిడ్ అన్నా, స్టేషన్ ఊళ్లో పడుతుందో బయట పడుతుందో ముందే తెలిసేదెలా?

మాడ్రిడ్_వాసి:
తెలియదు. అందుకే డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) ఓకే అయి స్టేషన్ స్థలం ఖరారయ్యే దాకా అడ్వాన్స్ ఇవ్వొద్దనండి. ఖరారయ్యాక కూడా అక్కణ్నుంచి గుడికో బీచ్‌కో రాత్రి తొమ్మిదికి బస్సు దొరుకుతుందా అన్నది చూసుకోమనండి, ఆటోవాడు చెప్పిన రేటుకే వెళ్లాల్సి వస్తే ఫ్యామిలీలు రెండోసారి రావు.