అట్టపెట్టెలు ఎత్తడానికి ఎజెక్టరా, కరెంటు వాక్యూమ్ పంపా?

ప్యాకింగ్ లైను, పటాన్‌చెరు:
మా యంత్రం అట్టపెట్టెలను ఎత్తి ప్యాలెట్ మీద పేరుస్తుంది. పెట్టె బరువు 14 కిలోలు. 50 మిల్లీమీటర్ల రబ్బరు కప్పులు ఎనిమిది, వాటిలో శూన్యం పుట్టించి పెట్టెను పట్టుకోవడానికి కంప్రెసర్ గాలితో నడిచే ఎజెక్టర్లు నాలుగు ఉన్నాయి. అప్పుడప్పుడు పెట్టె జారిపోతోంది, కంప్రెసర్‌కు క్షణం విరామం లేదు. గాలి ప్రెషర్ పెంచమని కొందరు, ఎజెక్టర్లు తీసేసి కరెంటు పంపు పెట్టమని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

గాలిలెక్క:
పంపే పెట్టండి. మీ ఎజెక్టర్ నిమిషానికి 100 లీటర్ల గాలి తాగుతుందనుకుందాం. నిమిషానికి ఒక ఘనమీటరు గాలిని 7 బార్‌కు నొక్కడానికి కంప్రెసర్‌కు సుమారు 6.5 కిలోవాట్లు కావాలి. అంటే ఒక్కో ఎజెక్టర్ వెనుక 0.65 కిలోవాట్లు. రోజుకు 20 గంటలు నడిస్తే నాలుగింటికీ కలిపి 52 యూనిట్లు. అంతే గాలిని లాగే పంపుకు ముప్పావు కిలోవాటు మోటారు చాలు, 15 యూనిట్లతో పోతుంది.

రోబోసెల్:
ఈ లెక్క ఎజెక్టర్ ఎప్పుడూ తెరిచే ఉంటుందని పట్టుకుని వేసింది. మేము ఇనుప రేకులు ఎత్తుతాం. శూన్యం, అంటే కప్పులోని పీడనం బయటి గాలి కంటే ఎంత తగ్గిందనేది, 75 కిలోపాస్కల్‌కు చేరగానే స్విచ్ గాలిని ఆపేస్తుంది, గాలిని ఒక్క వైపే పోనిచ్చే చెక్ వాల్వ్ పట్టును నిలుపుతుంది, 60కి పడితేనే మళ్లీ గాలి వస్తుంది. రేకు పట్టుకున్నంతసేపూ దాదాపు గాలి ఖర్చే ఉండదు. పైగా ఎజెక్టర్ కప్పు పక్కనే కూర్చుంటుంది కాబట్టి పట్టు వెంటనే దొరుకుతుంది. ఒకే పంపుకు ఎనిమిది కప్పులు తగిలిస్తే, ఒక కప్పు చిరిగినా మిగతా ఏడింటి పట్టూ సడలుతుంది. ఆ ప్రమాదం మీ లెక్కలో ఎక్కడుంది?

గాలిలెక్క:
రేకులోంచి గాలి దూరదు, అట్టలోంచి దూరుతుంది. మీ స్విచ్ అట్టపెట్టె మీద ఒక్కసారి కూడా గాలిని ఆపదు.

ప్యాకింగ్ లైను, పటాన్‌చెరు:
గేజి పెట్టి చూశాను. పెట్టె మీద 35 కిలోపాస్కల్ దాటడం లేదు. కప్పుకు గాజుపలక అడ్డుపెడితే 80 వచ్చింది.

పాతమెకానిక్:
ఈ రెండు అంకెల్లోనే మీ జవాబు ఉంది. గాజు మీద 80 వచ్చిందంటే ఎజెక్టర్ ఆరోగ్యంగా ఉంది. హైదరాబాద్ ప్రాంతంలో వాతావరణ పీడనమే సుమారు 95 కిలోపాస్కల్, సముద్రతీరంలో లాగా 101 కాదు. క్యాటలాగు అంకెను ఇక్కడ ఆశించకూడదు.

ఎజెక్టర్‌లో కదిలే పంపు భాగాలు లేవు. గాలి సన్నని నాజిల్‌లోంచి ధ్వని కంటే వేగంగా దూసుకుపోతుంది. అక్కడ పీడనం పడిపోయి, పక్క రంధ్రంలోంచి కప్పులోని గాలిని లాక్కుని సైలెన్సర్ గుండా బయట పడుతుంది. ప్రతి నాజిల్‌కూ తగిన ప్రెషర్ ఒకటి ఉంటుంది, చాలావాటికి 4 నుంచి 6 బార్. దాన్ని దాటిస్తే ఖర్చే పెరుగుతుంది, ఒక్కోసారి శూన్యం తగ్గుతుంది కూడా. కాబట్టి ప్రెషర్ పెంచే సలహా వదిలేయండి.

మీ 50 కప్పు 35 కిలోపాస్కల్ దగ్గర దాదాపు 7 కిలోల బలమిస్తుంది. ఎనిమిదికి 56, భద్రత కోసం సగం చేస్తే 28. పద్నాలుగు కిలోల పెట్టెకు ఇది చాలు. మరి ఎందుకు జారుతోంది? పెట్టె టేపు అంచు మీద కప్పు పడి గాలి దూరుతూ ఉండాలి. అలాంటప్పుడు కావలసింది లోతైన శూన్యం కాదు, ఎక్కువ గాలిని లాగే శక్తి. ఒకే నాజిల్ ఉన్నదాని బదులు వరుస నాజిళ్ల ఎజెక్టర్ పెడితే అదే గాలితో తక్కువ శూన్యం దగ్గర బాగా ఎక్కువ లాగుతుంది. లైను ఎప్పటికీ అట్టపెట్టెలకేనంటే సైడ్ చానల్ బ్లోయర్ (తక్కువ శూన్యం దగ్గర చాలా గాలిని లాగే కరెంటు యంత్రం) ఇంకా మంచిది. రేకులకైతే రోబోసెల్ గారి మాటే నా మాట.

కొనేముందు అట్ట దుమ్ముతో సైలెన్సర్ పూడిందేమో చూడండి. యంత్రం చేయి ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు గాలి ఆగుతోందో లేదో కూడా చూడండి.

ప్యాకింగ్ లైను, పటాన్‌చెరు:
ఆగడం లేదండీ. పెట్టె వదిలిన ఆ ఒక్క క్షణం తప్ప, ఖాళీ చేయి తిరిగొచ్చేదాకా నాలుగూ ఈల వేస్తూనే ఉన్నాయి. రేపు ప్రోగ్రాం మారుస్తున్నాం. కప్పులను టేపు అంచుకు రెండు అంగుళాలు పక్కకు జరిపాను, పొద్దుటి నుంచి ఒక్క పెట్టె కూడా జారలేదు.