కాలనీలో మిగిలింది ఒక్కటే జాగ: పార్కా, కమ్యూనిటీ హాలా?

హన్మకొండ కాలనీవాసి:
మా లేఅవుట్‌లో ఖాళీ స్థలం కింద వదిలిన జాగ ఒక్కటే మిగిలింది. అందులో కమ్యూనిటీ హాల్ కట్టాలని సంతకాలు తీసుకుంటున్నారు, నేను పెట్టలేదు. భద్రకాళి చెరువు బండ్ ఉంది, పబ్లిక్ గార్డెన్ ఉంది, ఇంకో పార్కు ఎందుకు అని అడుగుతున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ రోజూ ఆటో కట్టించుకుని బండ్ మీదికి పోయి నడిచి వస్తుందా? చెప్పులేసుకుని ఐదు నిమిషాల్లో చేరేంత దగ్గరుంటేనే పెద్దవాళ్లు, చిన్న పిల్లలున్న తల్లులు పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఇంటికి 300 మీటర్ల లోపు కనీసం అర హెక్టారు పచ్చని జాగ ఉండాలని చెప్పింది. అంత జాగ మనకు దొరకదు, సరే, కానీ ఆ 300 మీటర్ల మాటనైనా పట్టించుకోవాలి కదా.

కాజీపేట నుంచి:
అన్నా, మీ అమ్మ గారి సంగతి కాదనను. కానీ కూలీ చేసుకునే ఇంట్లో ఆడపిల్ల పెళ్లి వస్తే ఫంక్షన్ హాల్ కిరాయికే అప్పు చేస్తున్నారు. దినాలకు రోడ్డు మీద టెంట్ వేస్తే వాన వచ్చిందంటే అంతే. నలుగురూ తక్కువ ఖర్చుతో కలిసే చోటు ఉండటం కూడా మనశ్శాంతే. పొద్దున వాకింగ్ చేసే వాళ్లకు మాత్రమే ఆరోగ్యం ఉంటుందా?

కరీమాబాద్ ఆడబిడ్డ:
ఇద్దరికీ ఒక మాట. మా వార్డులో ఉన్న పార్కుకు ఎప్పుడూ తాళమే, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. తెరిచిన రోజున చూస్తే అంతా లాన్, ఎండకాలం నలభై నాలుగు డిగ్రీల్లో ఆ గడ్డి మీద ఎవరు కూర్చుంటారు? చీకటి పడితే మందు సీసాలు. మేము పిల్లల్ని తీసుకుని ఎట్లా పోవాలి? పచ్చగా కనిపించడానికి కోనోకార్పస్ వేశారు, సర్కారు మొక్కలు నాటించిన హరితహారంలో ఆ మొక్క నాటొద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పింది. ఇట్లాంటి పార్కు అయితే హాలే నయం. వేప, కానుగ, రావి నాటి, లైట్లు పెట్టి, గేటు తీసి ఉంచుతామంటే నా సంతకం పార్కుకే.

హన్మకొండ కాలనీవాసి:
అక్కా, మీరన్నదే అసలు సంగతి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో పాడుబడిన 541 ఖాళీ ప్లాట్ల మీద ఒక ప్రయోగం చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. కొన్నింట్లో చెత్త తీసి, గడ్డి, కొన్ని చెట్లు వేసి, మనుషులు లోపలికి వచ్చేలా సందులు వదిలి చిన్న కర్ర కంచె కట్టారు. కొన్నింట్లో చెత్త మాత్రమే తీశారు, మిగతావి అట్లాగే వదిలేశారు. పచ్చగా చేసిన ప్లాట్ల చుట్టుపక్కల వాళ్లలో దిగులుగా ఉందని చెప్పడం 41.5 శాతం తగ్గింది. చెత్త మాత్రమే తీసిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు వేసింది పెద్ద ఉద్యానవనం కాదు, ఫౌంటెన్ లేదు, సెల్ఫీ బోర్డు లేదు. మన దగ్గర డబ్బంతా ప్రహరీకి, గేటుకి, టైల్స్‌కి పోయి చెట్టు దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది, నాకు కోపం అక్కడే.

ఇంకొకటి, 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. ఒక చిన్న పార్కు వరదను ఆపుతుందని నేను అనను, నాలాల మీది కబ్జాలు తీయనిదే అది ఆగదు. అయినా ఉన్న కాస్త మట్టి నేల కూడా సిమెంటు చేస్తే నీళ్లు ఇంకేదెక్కడ?

సుబేదారి లాయర్:
చట్టం సంగతి కూడా చూడండి. పార్కుకు వదిలిన జాగను ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. అక్కడ అడిగింది ఆసుపత్రి, అయినా ఒప్పుకోలేదు. ముందు మీ లేఅవుట్ ప్లాన్ కాపీ తీసి ఆ జాగను దేనికి చూపించారో చూడండి. పైసలు లేవంటే 2019 మున్సిపల్ చట్టం అడగండి, బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలని అందులో ఉంది.

కాజీపేట నుంచి:
సార్, కోర్టు మాట సరే. మరి పెళ్లి చేసుకోవాల్సిన పేదోడికి ఏం చెప్తారు? నాకు ఆ జవాబు ఇంకా రాలేదు.

హన్మకొండ కాలనీవాసి:
తమ్ముడూ, హాల్ వద్దని నేను ఎక్కడా అనలేదు, ఆ జాగలో వద్దంటున్నా. గవర్నమెంట్ బడి ఆవరణలో షెడ్డు ఉంది, సెలవు రోజుల్లో ఫంక్షన్లకు ఇమ్మని కలిసి అడుగుదాం, నేనూ వస్తా. చెట్లు చుట్టూ నాటి మధ్యలో చదునుగా వదిలితే బతుకమ్మ అక్కడే ఆడతారు, దినాలకు టెంట్ కూడా అక్కడే పడుతుంది, కిరాయి లేదు. సద్దుల బతుకమ్మకు అందరూ పద్మాక్షి గుట్ట దాకా పోలేరు కదా. ఆదివారం పొద్దున ఏడింటికి జాగ దగ్గరికి రండి, హాల్ కావాలన్న వాళ్లను కూడా పిలవండి, ప్లాన్ కాపీ నేను తెస్తా.