ఉగ్రస్తంభం ఎక్కినవాళ్లు చెప్పండి

కొండారెడ్డి_బురుజు:
ఆదివారం కర్నూలు నుంచి అహోబిలం పోతున్నాం. అమ్మకు 61, మోకాళ్ల నొప్పులు. జ్వాలా నరసింహస్వామి గుడి దాకా నడవగలదా? నేనొక్కణ్ణే ఆ పైన ఉగ్రస్తంభం అనే కొండకొమ్ము ఎక్కి రావడానికి ఎంతసేపు పడుతుంది? రాత్రికి యాడ ఉండాలి?

నల్లమల_పిల్లోడు:
ఒక్కరే ఎక్కొద్దు. దిగేటప్పుడు దోవ తప్పి గంటన్నర బండల మధ్య తిరిగినాను. కొమ్మలకు కట్టిన గుడ్డపీలికలు చూసి అదే దోవ అనుకున్నా. తీరా చూస్తే ఎవరో మొక్కుకు కట్టినవి! గైడును పెట్టుకోండి.

సీమ_ట్రెక్కర్:
గైడు ఎందుకప్పా? నేను 22 సార్లు ఎక్కినాను. గ్రిప్ ఉన్న షూ ఉంటే చాలు.

జొన్నరొట్టె:
షూ వేసుకుని ఎక్కినావా? స్వామి స్తంభం చీల్చుకుని వచ్చిన చోటది. మా నాయన 70 ఏళ్లప్పుడు వట్టికాళ్లతో ఎక్కినాడు.

సీమ_ట్రెక్కర్:
పైన జెండా, పాదుకల దగ్గర విప్పుతాను. కిందంతా అడవే కదా.

జొన్నరొట్టె:
నీకు అడవి, మాకు గుడి. తొమ్మిది మంది నరసింహులు ఆ కొండల్లోనే ఉన్నారు.

పెన్న_గట్టు:
ఆగండప్పా. పోయిన కార్తీకంలో నేనూ వట్టికాళ్లతోనే పోయినాను. జ్వాల గుడికి ముందు పైనుంచి నీళ్లు పడే చోట బండంతా పాచి. జారి బొటనవేలి గోరు లేచిపోయింది. భక్తి అట్లాగే ఉంది, గోరే ఇంకా రాలేదు.

జొన్నరొట్టె:
కట్టె పట్టుకోకపోతే జారదా? ఎగువ అహోబిలంలోనే ఇస్తారు.

ఆదోని_పత్తి:
కట్టె నడకకు కాదు, కోతులకు. మా ఆవిడ చేతిలో పులిహోర కవరు చూసి ఒకటి మీదికొచ్చింది. కట్టె ఎత్తితే కట్టెనే లాక్కుంది. ఏమైనా మన కర్నూలు జిల్లాలో ఇంతటి కొండ ఇంకోటి లేదు.

హంద్రీ_ఒడ్డు:
2022 నుంచి అది నంద్యాల జిల్లా.

ఆదోని_పత్తి:
కొండ చెప్పిందా నీకు?

సీమ_ట్రెక్కర్:
22 సార్లలో నా దగ్గర ఒక్క బిస్కెట్ కూడా కోతి లాక్కోలేదు.

పెన్న_గట్టు:
22 సార్లు పోయినావు గానీ, వాళ్లమ్మ మోకాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

కొండారెడ్డి_బురుజు:
అదే నేనూ చూస్తున్నా అన్నా.

నల్లమల_పిల్లోడు:
జ్వాల దాకా డోలీ మాట్లాడుకో, ధర కిందే తేల్చుకో. పావన నరసింహుని గుడికి మాత్రం జీపులో తీసుకుపోవద్దు. ఆ రాళ్లదోవలో ఎగిరెగిరి పడి మా మేనత్త నాలుగు రోజులు మంచం దిగలేదు.

జొన్నరొట్టె:
సంక్రాంతి తర్వాత పోయేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. కనుమ నుంచి ఉత్సవమూర్తులు పారువేటకు, అంటే వేట ఉత్సవానికి, బయల్దేరి 40 రోజులు ఊర్లు తిరుగుతారు. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామి తానే వచ్చి పిలుస్తాడు. మా ఊరికి పల్లకి వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

హంద్రీ_ఒడ్డు:
ఆళ్లగడ్డలో పొద్దున ఉగ్గాని బజ్జి తినకుండా బస్సు మారొద్దు.

కొండారెడ్డి_బురుజు:
అమ్మ ఇదంతా చదివింది. డోలీ మాటెత్తితే కోపం. వట్టికాళ్లతో నడిచే వస్తుందట.

ఆదోని_పత్తి:
రెండు కట్టెలు కొను. ఒకటి కోతికి.