రింగ్ కింద హాఫ్ సర్కిల్ లేని కోర్టుల చార్జా, బ్లాకా?

నల్లగొండ_పీఈటీ:
మండల స్థాయి బాస్కెట్‌బాల్ ఆటలు జరిగే బడి కోర్టుల్ల నో-చార్జ్ హాఫ్ సర్కిల్ (రింగ్ కింద గీసే అర్ధచంద్రం) ఎక్కువగా గీయరు. డ్రైవ్ చేసినోడు, అంటే రింగ్ దిక్కు దూసుకొచ్చినోడు, బాల్ పట్టుకొని ఎగిరిండు. డిఫెండర్ రింగ్ కిందనే కదలకుండ నిలబడ్డడు, ఛాతీకి తగిలి పడిపోయిండు. బాస్కెట్ పడ్డది. ఒక రెఫరీ చార్జ్ (గుద్దినోడి ఫౌల్) అంటడు, ఇంకో రెఫరీ బ్లాక్ (అడ్డమొచ్చిన డిఫెండర్ ఫౌల్) అంటడు. ఎవరిది కరెక్టు?

విజిల్_పాలమూరు:
ఇద్దరిదీ తప్పే. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్ ప్రకారం సర్కిల్ల చార్జ్ ఇయ్యరు, అంతే. అట్లని డిఫెండర్ మీద ఫౌల్ దానంతటది రాదు. విజిల్ ఊదొద్దు, బాస్కెట్ లెక్కలకు తీసుకోవాలె. డిఫెండర్‌ది ఒక్క పాదం గీతను తాకినా సర్కిల్ల ఉన్నట్టే. ఎగిరినోడు షాట్ కొట్టినా, పాస్ ఇచ్చినా ఇదే రూల్. కాకపోతే మోచేయో మోకాలో పెట్టి నెట్టిండంటే యాడున్నా అఫెన్స్ ఫౌలే. బోర్డు వెనుకనుంచి నేరుగ లోపలికొచ్చి గుద్దినోడికి కూడా సర్కిల్ రక్షణ లేదు, ఇది చానామందికి యాదికుండదు.

మిర్యాలగూడ_కోర్టు:
గీత లేకుంటే ఆటకు ముందే గీయుండ్రి, పది నిమిషాల పని. రింగ్ నడిమధ్య నుంచి దారానికి రాయి కట్టి వదలండి, అది ఆగిన చోట మేకు కొట్టండి. ఆడికెళ్లి 1.25 మీటర్ల తాడుతోని ముందువైపు అర్ధచంద్రం తిప్పాలె. 1.25 అనేది గీత లోపలి అంచుకు, 5 సెంటీమీటర్ల వెడల్పు దాని బయటికి రావాలె. అర్ధచంద్రం రెండు కొసల నుంచి బోర్డు దిక్కు 37.5 సెంటీమీటర్ల నిలువు గీతలు. మట్టి కోర్టైతే ముగ్గుపిండి సరిపోతది, హాఫ్ టైంల మళ్లా పోయాలె.

ఎండ్ లైన్ నుంచి మాత్రం కొలవకుండ్రి. రింగ్ మధ్య ఎండ్ లైన్‌కు 1.575 మీటర్ల దూరం ఉండాలన్నది పుస్తకం లెక్క. మన స్తంభాలకు బోర్డు అంత ముందుకు రాదు, సర్కిల్ తప్పుచోట పడుతది.

నల్లగొండ_పీఈటీ:
సర్కిల్ బయట డిఫెండర్ కదులుతుండంగ తగిలితే బ్లాకేనా సార్?

విజిల్_పాలమూరు:
కాదు. కదిలిండా లేదా అన్నది కాదు, ముందుగ ఎదురుంగ తిరిగి రెండు పాదాలు నేల మీద పెట్టిండా అన్నది చూడాలె. ఒకసారి అట్ల నిలబడ్డంక పక్కకైనా వెనుకకైనా జరగొచ్చు, దెబ్బ తగలకుండ చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకోవచ్చు. అప్పుడు ఛాతీకి గుద్దితే చార్జే. అవతలోడు గాల్లోకి లేచినంక దారికడ్డం వస్తే బ్లాక్. అందుకే కన్ను బాల్ మీద కాదు, డిఫెండర్ మీద ఉండాలె.

మిర్యాలగూడ_కోర్టు:
టేబుల్ కాడ కొట్లాట అయ్యేది ఇంకోటుంది. బాల్ చేయి దాటకముందే చార్జ్ అయితే బాస్కెట్ రద్దు, అవతలి జట్టుకు త్రో-ఇన్. చేయి దాటినంక అయితే బాస్కెట్ పడితే లెక్కే, కానీ ఆ క్షణానికి బాల్ ఎవరి కంట్రోల్‌లా లేదు. అందుకే ఆ క్వార్టర్‌ల షాట్ కొట్టిన జట్టుకు అది ఐదో టీం ఫౌలైతే (జట్టోళ్లందరివి కలిపి లెక్క) గుద్దించుకున్నోడికి 2 ఫ్రీ త్రోలు. స్కోరర్‌కు ముందే చెప్పి పెట్టుకోండి.