వాటర్ హీటర్ గొట్టం చెక్కకి ఎంత దూరంలో ఉండాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర పాత ఇల్లు కొన్నాం. వంటగది పక్కన చిన్న అరలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. దాని పొగ బయటికి పోయే రేకు గొట్టం గోడ చెక్కకి రెండంగుళాల్లోనే పోతోంది. సూట్‌కేసులూ అక్కడే సర్దాం. పర్వాలేదంటారా?

జవాబు: సూట్‌కేసులు ఇవాళే తీసేయండి. తర్వాత గొట్టం ఏ రకమో చూడండి. ఒంటిపొర రేకైతే, డ్రాఫ్ట్ హుడ్ (హీటర్ పైన, గొట్టం మొదట్లో ఉండే రేకు గొడుగు) ఉన్న హీటర్‌కి చెక్క నుంచి 6 అంగుళాలు ఖాళీ కావాలి. బీ-వెంట్ అయితే, అంటే రెండు పొరల మధ్య గాలి ఉండేదైతే, 1 అంగుళం చాలు. ఆ దూరం గొట్టం మీదే అచ్చు వేసి ఉంటుంది. మీది ఒంటిపొరే అయితే బీ-వెంట్‌గా మార్పించడమే తేలిక. సీలింగ్‌లోంచీ అటకలోంచీ ఒంటిపొర అసలు పోకూడదు.

"ఇన్నేళ్లూ ఏం కాలేదుగా" అనుకోకండి. రోజూ వేడి తగిలే చెక్క మెల్లగా బొగ్గుబారి, చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది.

మరో జవాబు: అటక కూడా ఎక్కి చూడండి. ఆ ఒక్క అంగుళంలో ఉండాల్సింది గాలి. ఇన్సులేషన్ దూది గొట్టానికి తగులుతుంటే చుట్టూ రేకు షీల్డ్ పెట్టించాలి, దూది కంటే కనీసం 2 అంగుళాలు ఎత్తుగా. ఒంటిపొర అతుకులకి మూడేసి స్క్రూలు ఉండాలి. బీ-వెంట్‌కి మాత్రం లోపొరలో దిగేలా స్క్రూ కొట్టకూడదు. పక్కకి పోయే గొట్టం అడుగుకి పావు అంగుళం చొప్పున పైకి వాలాలి.

మన వంటింటి ఫ్యాన్లు గట్టివి కదా, ఇంట్లో గాలి లాగేసి గొట్టంలో పొగని వెనక్కి రప్పించొచ్చు. అందుకని ఇదీ చూడండి: కిటికీలు మూసి, ఫ్యాన్, డ్రయ్యర్ వేసి, వేడినీళ్లు వదలండి. హీటర్ వెలిగిన అయిదు నిమిషాలకి డ్రాఫ్ట్ హుడ్ అంచున అగరుబత్తి పట్టండి. పొగ లోపలికి పోవాలి. బయటికి తన్నుకొస్తే హీటర్ ఆపి మెకానిక్‌ని పిలవండి. అలాగైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. పడకగదుల దగ్గర అలారం ఎలాగూ ఉండాలి.

ప్రశ్న: అర తలుపుకున్న జాలీలు మూసేయొచ్చా? చప్పుడొస్తోంది.

జవాబు: వద్దండి. ఇంట్లో గాలే వాడుకునే హీటరైతే పైన ఒకటి, కింద ఒకటి, ఒక్కోటీ కనీసం 100 చదరపు అంగుళాల ఖాళీ కావాలి. చెక్క పలకల జాలీ అయితే అందులో పావు వంతే లెక్కకొస్తుంది, కాబట్టి ఇప్పుడున్నవే సరిపోతున్నాయో లేదో కొలవండి.