డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను ఇంకా ఎంతకాలం నమ్ముకోవచ్చు?

ప్రశ్న – గాజువాక కొట్టు:
ఆటోనగర్‌లో మాది ఇనుప సామాను హోల్‌సేల్ కొట్టు. బిల్లులు ఇప్పటికీ డాస్‌లో (విండోస్‌కు ముందటి పాత ఆపరేటింగ్ సిస్టం) నడిచే ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాంలోనే తీస్తాం, తొమ్మిది పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద. చప్పుడు భరించలేక మా అబ్బాయి లేజర్ ప్రింటర్ కొందామంటున్నాడు. పనిచేస్తున్న దాన్ని తీసేయడానికి నాకు చేతులు రావడం లేదు. అసలు ఇవి ఇన్నాళ్లు ఎలా నిలుస్తున్నాయి?

జవాబు – డాబాగార్డెన్స్ మెకానిక్:
తీసేయకండి. ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) కాని సరుకు బిల్లుకు జీఎస్టీ నిబంధన ప్రకారం మూడు ప్రతులు ఉండాలి: కొన్నవారికి, రవాణాదారుకు, మీకు. పిన్ను రిబ్బన్ మీద కొట్టే దెబ్బకు కింద ఉన్న కార్బన్ ప్రతుల్లోనూ అక్షరం దిగుతుంది. లేజర్ కాగితాన్ని కొట్టదు, పొడిని వేడితో అతికిస్తుంది. మూడు ప్రతులకు మూడుసార్లు తీయాల్సిందే. లారీ డ్రైవర్ గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే ఆ తేడా తెలుస్తుంది.

రిబ్బన్ హఠాత్తుగా చేతులెత్తేయదు, వెలిసిపోతూ ముందే చెబుతుంది. అలాగని చిరిగేదాకా లాగకండి. అందులోని సిరాయే పిన్నులకు కందెన. చిరుగులో చిక్కుకుని పిన్ను విరిగితే అక్షరాల మధ్య అడ్డంగా తెల్లగీత వస్తుంది, ఇక పిన్నులుండే హెడ్డు మార్చే ఖర్చే. చప్పుడంటారా, పక్క గదిలో పెట్టండి!

జవాబు – మురళీనగర్:
ఆ ప్రింటర్ పోయినా దిగులు లేదు. 1980లలో ఎప్సన్ ప్రింటర్లు వాడిన ఆదేశాలే ఈనాటి తొమ్మిది పిన్నుల మోడళ్లకూ అర్థమవుతాయి. పారలల్ పోర్ట్‌తో (పాత ప్రింటర్లను కంప్యూటర్‌కు తగిలించే వెడల్పాటి సాకెట్) కొత్తవి ఇంకా దొరుకుతున్నాయి. మీ ప్రోగ్రాంలో అక్షరం మార్చనక్కరలేదు.

గాజువాక కొట్టు:
సంతోషం. కంప్యూటర్ సంగతి? హార్డ్ డిస్క్ ఈ మధ్య టకటకమంటోంది.

డాబాగార్డెన్స్ మెకానిక్:
ఆ మాట ముందు చెప్పాలి కదండీ! అది డిస్కు పోబోతోందనడానికి గుర్తు కావచ్చు, కంప్యూటర్‌ను వెంటనే ఆపేయండి. డిస్కును విప్పించి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, ముందు డీబీఎఫ్ ఫైళ్లు (ఫాక్స్‌ప్రో మీ లెక్కలు దాచే ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. అవి లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో కూడా తెరుచుకుంటాయి. తర్వాత పారలల్ పోర్ట్ ఉన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌లో డాస్‌కు బదులు వాడే ఫ్రీడాస్ వేయించండి, ఉచితమే. 64 బిట్ విండోస్ మీద డాస్ ప్రోగ్రాం నేరుగా నడవదు. కొనేటప్పుడు మదర్‌బోర్డు విప్పి చూడండి. మన సముద్రపు గాలికి పోర్టుల దగ్గర తుప్పు పట్టినవి చాలా వస్తుంటాయి.

అది కుదిరేదాకా బిల్లులు చేత్తో రాయండి. కార్బన్ కాగితం ఎటూ మీ దగ్గర ఉండే ఉంటుంది.