అప్‌డేట్: ఆర్‌ఎస్‌ఐ 28 చూసి కొన్న షేరు సంగతి

పోయిన నెల అడిగాను కదా, ఆర్‌ఎస్‌ఐ (షేరు ఈమధ్య ఎంత జోరుగా పెరిగిందో, పడిందో 0 నుంచి 100 మధ్య చూపే అంకె, 30 కింద ఉంటే అతిగా పడిందని అంటారు) 30 కిందకి వచ్చిందని కొన్న షేరు ఇంకా పడుతూనే ఉంది, ఉంచాలా అమ్మాలా అని. మీరు చెప్పినట్టే మారతహళ్లి పీజీ గదిలో కూర్చుని డైలీ చార్టు మళ్లీ తెరిచాను. ధర 200 రోజుల మూవింగ్ యావరేజ్‌కి, అంటే గత 200 రోజుల ధరల సగటుకి, బాగా కింద ఉంది, లేచిన ప్రతిసారీ ముందటి ఎత్తు అందుకోకుండానే జారిపోయింది, ఇంత గట్టి డౌన్‌ట్రెండ్‌లో ఆర్‌ఎస్‌ఐ వారాల తరబడి 30 చుట్టూనే తిరగొచ్చు, నేనేమో ఆ ఒక్క అంకె చూసి చవక అనుకున్నాను. ఆర్‌ఎస్‌ఐని తయారుచేసిన వైల్డర్ 1978లో ఇచ్చిన ఆ 14 రోజుల లెక్క ఇటీవలి పెరుగుదల, తగ్గుదల సగటులను పోలుస్తుంది, అంతే. నష్టానికే అమ్మేశాను, బాధగానే ఉంది. ఇప్పుడు డబుల్ బాటమ్ (ధర దాదాపు ఒకే చోటికి రెండుసార్లు పడి లేచే ఆకారం) కనబడినా, నెక్‌లైన్ (ఆ రెండు పడిపోవడాల మధ్య ధర లేచిన ఎత్తు దగ్గర గీసే గీత) పైన మంచి వాల్యూమ్‌తో, అంటే ఎక్కువ షేర్లు చేతులు మారి, క్లోజ్ అయ్యేదాకా ఆగుతున్నాను, స్టాప్‌లాస్ (ధర ఇంతకి పడితే అమ్మేయమని ఇచ్చే ఆర్డర్) ముందే పెడుతున్నాను. ఓపిగ్గా గీతలు గీసి చూపించిన అన్నకి చాలా థాంక్స్.